ఏడడుగులే అని అమ్మారు: సూపర్ డ్వార్ఫ్ పైథాన్‌తో ఏడేళ్లు

హ్యూస్టన్ నుంచి తిరుపతికి వచ్చేసి ఏడాది దాటింది. అక్కడ నేనేం ఉద్యోగం చేశానో మా వీధి పిల్లకాయలకు తెలియదు గానీ ఇంట్లో సూపర్ డ్వార్ఫ్ పైథాన్ అనే మరుగుజ్జు కొండచిలువను పెంచానన్న సంగతి మాత్రం అందరికీ తెలుసు. వారానికొకడైనా ఫోన్‌లో వీడియో పట్టుకుని వస్తాడు. "అన్నా, ఇది పెద్దగా పెరగదంట గదా, ఇంట్లో పెట్టుకోవచ్చునంట గదా?" ప్రతివాడికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

దీని అసలు జాతి రెటిక్యులేటెడ్ పైథాన్, లోకంలోకెల్లా పొడవైన పాము. ఆడది పదహారు, పద్దెనిమిది అడుగులు పెరగడం మామూలు, ఇరవై దాటినవీ ఉన్నాయి. అయితే ఇండోనేషియాలో సులవేసికి దక్షిణాన తనాజంపేయా, సెలయార్, కలటోవా లాంటి దీవుల్లో ఇదే జాతి చిన్నగా ఉండిపోయింది. చిన్న దీవి, పెద్ద మేత దొరకదు, తరాల తరబడి ఒళ్లు తగ్గించుకుంది. జంపేయా, సెలయార్ పాములను 2002లో వేరే ఉపజాతులుగా వర్ణించారు. కలటోవా వైపు వాటినే పెంపకందార్లు సూపర్ డ్వార్ఫ్ అంటారు. ఇంటికి సరిపడే పాము, మొహం మాత్రం రాక్షసిది. మోజు పెరగడానికి అదే కారణం.

కొనేవాళ్లు మోసపోయేది పర్సెంటేజీ దగ్గర. దీవి పాములకు రంగులు తక్కువ, అందుకని రంగుల కోసం పెద్దవాటితో దాటిస్తారు. పుట్టిన పిల్లలో దీవి రక్తం ఎంతో శాతాల్లో చెబుతారు. తండ్రి 75 శాతం, తల్లి 50 శాతం అయితే పిల్ల 62.5 అని కాగితం మీద రాస్తారు. అది ఉత్త సగటు. పొడవు పెంచే గుణం ఏ పిల్లకు ఎంత వచ్చిందో ఆ అంకె చెప్పదు. నేను కొన్నది ఆ 62.5 పిల్లే. మూరెడు పొడవు, బొటనవేలంత లావు. అమ్మినాయన "ఆడదైనా ఏడడుగులు దాటదు" అన్నాడు. నాలుగో ఏటికి ఎనిమిదిన్నర. నేను ఇచ్చేసి వచ్చేనాటికి తొమ్మిదిన్నర అడుగులు, ఆరు కిలోలు. (దాన్ని మెడలో వేసుకుని కాటా ఎక్కి, నా బరువు తీసేసేవాణ్ణి.) ఫోన్ చేసి అడిగితే "నువ్వు ఎక్కువ పెట్టుంటావు" అన్నాడు. సగం నిజమే. మొదటి ఏడాది అది ఆబగా చూస్తోందని వారం వారం పెట్టాను. పెద్దయ్యాక రెండు మూడు వారాలకొక ఎలుక చాలు. అట్లాగని కడుపు మాడ్చి చిన్నగా ఉంచి "చూడండి, మరుగుజ్జు" అని చూపించేవాళ్లనూ చూశాను. అదేం పెంపకం?

ఒళ్లు తగ్గింది గానీ బుద్ధి తగ్గలేదు. గదిలోకి వస్తే తల తిప్పి మనిషిని గమనిస్తుంది. ఏ మూల తిండి వస్తుందో, తలుపు ఎటువైపు జరుగుతుందో దానికి తెలుసు. తలుపు తీసిందే తిండికి అనుకుంటుంది కాబట్టి, ముందు ఇనుప కొక్కెంతో ఒంటిమీద మెల్లగా తట్టాలి. తడితే "ఇది తిండి కాదు" అని దానికి అర్థం. మూడో ఏట ఒకరోజు తొందరలో తట్టకుండా చెయ్యి పెట్టాను, చేతికి ఎలుక వాసన ఉంది. కన్ను మూసి తెరిచేలోగా మణికట్టు పట్టేసి, మోచేతిదాకా మూడు చుట్లు చుట్టింది. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, లాగితే మన తోలే చీలుతుంది. కదలకుండా కూర్చున్నా. నా భార్య తోకవైపు నుంచి చుట్లు విప్పి, కొళాయి కింద చన్నీళ్లు వదిలింది. పది నిమిషాలు పట్టింది. అప్పటికి అది ఆరడుగులే. ఆ రోజు నుంచి ఒక్కణ్ణే ఉన్నప్పుడు గూడు తెరవలేదు.

గూడు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, తాళం తప్పనిసరి. ఒకసారి తాళం మరిచిపోతే అద్దాన్ని మూతితో తోసుకుని వెళ్లి వాషింగ్ మెషీన్ వెనక దూరింది. లోపల ఒక మూల 32 డిగ్రీలు, ఇంకో మూల 26. అక్కడ వేడి పుట్టించడానికి కరెంటు కాల్చాను. మన ఊరి మే నెలలో అయితే పాముకే ఏసీ పెట్టాలి.

పురిటికని అమ్మ చిత్తూరు నుంచి వచ్చి ఆరు నెలలు ఉండింది. మొదటిరోజే గూటి ముందు పసుపు కుంకుమ పెట్టింది. "పాలు తాగదా నాయనా?" "పాములు పాలు తాగవమ్మా. ఎలకలు తింటాది." "యాడుండాయి ఎలకలు?" "ఫ్రిజ్‌లో." అంతే, ఆ ఫ్రిజ్ తలుపు మళ్లీ ముట్టలేదు. ఎలకలకని సెకండ్ హ్యాండ్‌లో వేరే చిన్న ఫ్రీజర్ కొన్నాను. పాప పుట్టాక పాము గది తాళం చెవి అమ్మ కొంగుకే ఉండేది. నాకు పాము కావాలంటే ఆమెను అడగాల్సిందే.

జంతువుకు పదికి తొమ్మిది. అమ్మినాయన చెప్పిన లెక్కకు రెండు.

ఇక్కడ పెంచొచ్చా అంటారా? కుదరదు. ఈ జాతి మన నికోబార్‌లోనూ ఉంది, వన్యప్రాణి రక్షణ చట్టం దీనికీ శేషాచలం కొండచిలువకూ ఒకటే. మరుగుజ్జుదని మినహాయింపు ఎక్కడా లేదు. టెక్సాస్‌లోనూ నేను పర్మిట్ తీసుకునే పెంచాను, ఫ్లోరిడా 2021లో నిషేధిత జాబితాలోనే చేర్చింది. అంతగా మోజుంటే ఆఫ్రికా బాల్ పైథాన్ ఉంది. మగది మూడడుగుల చిల్లర. దాన్నీ 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనొద్దు. ఇరవై ఏళ్లకు పైగా బతికే ప్రాణి అది, రేపు పెళ్లయి బెంగళూరు పోతే ఎవరు చూస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి. నేను మాట్లాడుకోలేదు. వచ్చేసేముందు పర్మిట్ ఉన్న మిత్రుడి కోసం నాలుగు నెలలు తిరిగాను.

ఆ మిత్రుడు మొన్న కుబుసం ఫొటో పంపాడు, కళ్ల పొరలతో సహా ఒక్క ముక్కగా వచ్చింది. అమ్మకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "చిక్కిపోయినట్టుండాదే, టయానికి పెడతాండాడా వాడు?" అంది.