బురదకీ తారుకీ ఒకటే టైరు: కేఓ2

ఎక్కువగా తారురోడ్డు మీదే తిరిగే బండికి బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైర్లు దండగ. మోత, పైగా మైలేజీకి దెబ్బ. బీఎఫ్‌గుడ్‌రిచ్ కంపెనీ కేఓ2 లాంటి, అన్ని రకాల నేలకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైరు చాలు. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, గట్టిది, రాళ్లకు తొందరగా చిరగదు. జిగట బంకమట్టిలో మాత్రం టైరు గాడులు పూడుకుపోయి జారుతుంది.

బరువైన టైరు, కాబట్టి అసలు పని బ్యాలెన్సింగ్‌లోనే, అంటే చక్రం వణక్కుండా బరువు సమం చేయించడంలోనే. చక్రం లోపలి వైపు, బయటి వైపు తేడాను విడివిడిగా చూపే డైనమిక్ బ్యాలెన్సింగే చేయించండి. మెషీన్ 150 గ్రాములు దాటి బరువు అడిగితే బరువు బిళ్లలు అతికించుకుంటూ పోవద్దు. గాలి తీసి, టైరును రిమ్ముపై 180 డిగ్రీలు తిప్పించి మళ్లీ చూడమనండి. రిమ్ము అంచుకు కొట్టే బిళ్లలు రాళ్లకు రాలిపోతాయి. లోపల అతికించేవే మేలు, అదీ జిడ్డు తుడిచాకే.

ఊరి బయట తిరిగొచ్చాక స్టీరింగ్ వణికితే ముందు రిమ్ము లోపల ఎండిన మట్టి గీకండి. చాలాసార్లు దోషం అదే! ఇసుకలో కూరుకుపోకుండా 18 పీఎస్‌ఐకి దించిన గాలి, తారెక్కకముందే నింపాలి.