పుదీనా నలగాలి, చిరగకూడదు: అడుగు చదునుగా ఉన్న చెక్క మడ్లర్

పెంచుకున్న పుదీనా, తులసి కోసుకొచ్చి వేసవి కాక్‌టెయిల్స్ కలిపేవాళ్లకి ఈ రకం మడ్లర్ (గ్లాసులోనే ఆకుల్ని అదిమి నలిపే కర్ర) కొనమనే చెబుతాం. చూడ్డానికి చిట్టి రోకలిలా ఉంటుంది. పొడవు 25 సెంటీమీటర్లు, అడుగు చదును, వార్నిష్ పూయని గట్టి చెక్క. వార్నిష్ ఉన్నదైతే నిమ్మరసం తగిలి తగిలి పొరలు లేచి గ్లాసులో పడుతుంది.

అడుగున పళ్లున్న రకం నిమ్మచెక్కలకి బాగా పనికొస్తుంది, లేత ఆకులకి మాత్రం వద్దు. పుదీనా ఘుమఘుమంతా ఆకు పైనుండే సన్నటి నూనె గ్రంథుల్లో ఉంటుంది. కాస్త అదిమితే చాలు, అవి చిట్లుతాయి. పళ్లు ఆకునే చీల్చేస్తాయి. పసరు దిగి డ్రింకు చేదెక్కుతుంది, తునకలు స్ట్రాకి అడ్డం పడతాయి.

మొహీటోకి గ్లాసులో 8–10 ఆకులు, 2 చెంచాల చక్కెర, 20 మి.లీ. నిమ్మరసం వేయండి. మడ్లర్‌తో అదిమి, కొద్దిగా తిప్పి, ఎత్తండి. ఇలా ఐదారుసార్లు. ఆకు రంగు ముదిరి, అంచులు మాత్రం చిరక్కుండా ఉండాలి. గ్లాసు దగ్గర ముక్కు పెడితే వాసన గుప్పుమనగానే ఆపేయండి. తర్వాతే 45 మి.లీ. తెల్ల రమ్, ఐసు, పైన సోడా.

రోజ్‌మేరీని మాత్రం దీంతో దంచొద్దు, జిగురు వాసన వచ్చేస్తుంది. 200 మి.లీ. నీళ్లు, 200 గ్రాముల చక్కెర మరిగించి దించి, రెండు రెమ్మలు 20 నిమిషాలు నానబెట్టి వడకట్టి, ఆ పాకాన్ని డ్రింకులో కలపండి. పూలకీ మడ్లర్ అక్కర్లేదు. పది ఎండు శంఖుపూలు 100 మి.లీ. వేడినీళ్లలో పది నిమిషాలుంచితే నీలం దిగుతుంది. నిమ్మరసం చివర్లో పోయండి, పులుపు తగలగానే నీలం ఊదాగా మారడం కళ్లముందే కనిపిస్తుంది. ఎంత అందంగా ఉంటుందో! పురుగుమందు కొట్టిన పూలు మాత్రం వాడొద్దు. గన్నేరు, ఉమ్మెత్త విషం, అలంకరణకి కూడా గ్లాసు దగ్గరికి రానివ్వొద్దు.

లోపాలూ ఉన్నాయి. అడుగు 4 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి సన్నటి పొడుగు గ్లాసుల్లో దూరదు, షేకర్లో అదిమి ఒంపుకోవాలి. నీళ్లలో నానబెట్టినా, డిష్‌వాషర్లో వేసినా చెక్క పగులుతుంది. వాడిన వెంటనే కడిగి, తుడిచి, నిలబెట్టి ఆరనివ్వాలి. అంత ఓపిక లేకపోతే అడుగున చదునైన నైలాన్ ఉన్న స్టీలు మడ్లర్ తీసుకోండి.