పిల్లల పరుపు: దూదా, పీచా, ఫోమా?

పరుపుల షాపులో అడుగు పెట్టగానే సేల్స్ కుర్రాడు మనల్ని మెత్తటి దాని దగ్గరికే తీసుకెళ్తాడు. "నొక్కి చూడండి సార్, ఎంత సాఫ్ట్‌గా ఉందో!" నొక్కి చూడాల్సిందే. చెయ్యి లోతుగా దిగినా, తీశాక అరచేతి అచ్చు కాసేపు నిలిచినా, ఏడాది లోపు బిడ్డకు ఆ పరుపు వద్దు. పసిబిడ్డ బోర్లా పడితే ముక్కూ నోరూ అందులో కూరుకుపోతాయి. తల ఎత్తి పక్కకు తిప్పుకునే బలం మొదటి నెలల్లో సరిగా ఉండదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పసివాళ్లను బోర్లా పడుకోబెట్టొద్దని 1992 నుంచీ చెబుతోంది. 2022లో సవరించిన సూచనల్లోనూ అదే మాట: వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, చదునుగా, వాలు లేకుండా ఉండాలి, దానిమీద దిండు, బొమ్మ, వదులు దుప్పటి ఏవీ ఉండకూడదు.

ఈ లెక్కన బారసాలకు గిఫ్టుగా వచ్చే బేబీ బెడ్ సెట్టు ఓడిపోతుంది. గొడుగులా విచ్చుకునే దోమతెర బాగానే ఉంటుంది. ఇబ్బందంతా లోపలే: ఉబ్బెత్తు ఫైబర్ పరుపు, అటూ ఇటూ రెండు బోల్‌స్టర్లు (గుండ్రటి పొడవాటి దిండ్లు), తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు. బోల్‌స్టర్లూ దిండూ అటకెక్కించండి. నేల మీద చాప వేసి, పాత చీరలతో కుట్టిన గట్టి బొంతను ముడతల్లేకుండా పరిస్తే పసిబిడ్డకు ఆ సెట్టు కన్నా అదే మేలు. తొట్టి మంచం కొంటే పరుపు దానికి సరిగ్గా అమరాలి. అంచుకూ చెక్కకూ మధ్య రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు ఉందంటే సైజు తప్పినట్టే. బూరుగు దూది పరుపు చాలా మెత్తన, అందుకని పసిబిడ్డలకు అది కూడా వద్దు. తల్లిదండ్రుల మధ్య, పెద్ద మెత్తటి పరుపు మీద పడుకోబెట్టడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. అదే గదిలో, పక్కనే, వేరే పరుపు మీద పడుకోబెట్టడం క్షేమం.

ఏడాది దాటాక ఊపిరాడదన్న భయం బాగా తగ్గుతుంది. అసలు పోటీ అప్పుడే మొదలవుతుంది. నా దృష్టిలో అక్కడ అడగాల్సిన ప్రశ్నలు రెండే. రాత్రి పక్క తడిపితే ఈ పరుపు ఏమవుతుంది? మే నెలలో కరెంటు పోతే దీని మీద పిల్లాడు నిద్రపోగలడా?

దూది పరుపు ఎండకాలంలో రాజాలాంటిది. గాలాడుతుంది, వేడి పట్టదు, ఏడాది వాడాక అణిగి గట్టిపడుతుంది. పిల్లలకు అది మంచిదే. ఏకించి మళ్లీ కుట్టించుకునే వీలున్న పరుపు కూడా ఇదొక్కటే. తడి దగ్గర మాత్రం దీని పని అయిపోతుంది. ఒక్కసారి లోపలి దాకా దిగితే బాగా ఎండ తగలాలి. వానాకాలంలో, అందులోనూ కాకినాడ, విశాఖ లాంటి చోట్ల, ఆ ఎండ దొరకదు. ముక్కిపోయిన వాసన, బూజు, వాటితోపాటు డస్ట్ మైట్లు (దుమ్ములో బతికే, కంటికి కనబడని పురుగులు) చేరతాయి. తుమ్ములూ ఆయాసమూ ఉన్న పిల్లాడికి ఈ పరుపు సరిపడదు. కొనేటప్పుడు ఒక మూల కుట్టు విప్పించి చూడండి. తెల్లటి పోగుల మధ్య ఎర్రవీ నీలివీ దారపు ముక్కలు కనిపించాయంటే అది గుడ్డపీలికలు ఏకిన వేస్టు దూది.

కొబ్బరి పీచు పరుపు, అంటే పీచును రబ్బరు పాలతో అంటించి ఒత్తిన పలక, గట్టిది, గాలాడేది. తడిసినా నిలబెట్టి ఫ్యాన్ కింద పెడితే దూది కన్నా త్వరగా ఆరుతుంది. పిల్లలు గంతులేస్తే మాత్రం పరుపు నడుము విరుగుతుంది. మడిస్తే పీచు తెగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది, దుమ్ము రాలుతుంది. నెలకోసారి తల వైపూ కాళ్ల వైపూ మార్చి వేస్తే ఇంకొంత కాలం వస్తుంది.

ఫోములో మోసానికి ఎక్కువ చోటుంది. షాపులో "40 డెన్సిటీ" అంటారు. అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న సింగిల్ పరుపు 0.17 ఘనపు మీటరు అవుతుంది. 40 అయితే ఫోము ఒక్కటే దాదాపు 6.8 కిలోలు తూగాలి, 32 అయితే 5.4. కవరుతో కలిపి కూడా 6 కిలోలు దాటకపోతే అది 40 కాదు, అంతే. షాపులో తూకం వేయమంటే మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. ఇంకో మాట, డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, మన్నిక. గట్టిదనం షాపులోనే చూసుకోవాల్సిందే, అది కూడా పిల్లాణ్ణి పడుకోబెట్టి. మనకు మామూలుగా అనిపించే పరుపు 15 కిలోల బరువుకు గట్టిగానే ఉంటుంది. కాబట్టి "ఆర్థో" (వెన్నుకు మంచిదని అమ్మే గట్టి రకం) అని రాసుందని చెక్కలాంటిది కొననక్కర్లేదు. పైగా చవకరకం ఆర్థోల జిప్పు తీస్తే రంగురంగుల ఫోము తుక్కు అంటించిన రీబాండెడ్ పలక బయటపడుతుంది. చుట్టచుట్టి డబ్బాలో వచ్చే ఫోమైతే విప్పి రెండు మూడు రోజులు గాలికి పెట్టి, వాసన పోయాకే వాడండి.

మెమరీ ఫోము మీద నాకు సదభిప్రాయం లేదు. ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని పట్టేసుకోవడమే దాని పని. వేడిని కూడా అలాగే పట్టి ఉంచుతుంది. విజయవాడ ఎండల్లో పిల్లల గదికి అది ఎందుకు? లేటెక్స్, అంటే రబ్బరు పాలతో చేసే ఫోము, వీటన్నిటి కన్నా బాగా మన్నుతుంది, గాలాడుతుంది. బరువూ ఖరీదూ కూడా ఎక్కువే. ఇంట్లో ఎవరికైనా రబ్బరు ఎలర్జీ ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. ఎలాగూ పదేళ్లకు పిల్లాడు పెద్ద మంచానికి మారతాడు కాబట్టి అంత పెట్టుబడి నేనైతే పెట్టను. స్ప్రింగు పరుపును పిల్లలు ఆటస్థలం చేస్తారు, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ఏడాది నుంచి ఏడెనిమిదేళ్ల దాకా 4 అంగుళాల మామూలు గట్టి ఫోముకే నా ఓటు. దాని మీద జిప్పుతో పూర్తిగా మూసుకునే వాటర్‌ప్రూఫ్ కవరు తప్పనిసరి. రబ్బరు షీటు వేస్తే వీపంతా చెమట, అందుకే గుడ్డ కింద పల్చటి పొర ఉన్న రకం తీసుకోండి. దుప్పట్లు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే డస్ట్ మైట్లు చస్తాయి. ఇంట్లో గంతులేసే బాపతు లేకపోతే, బడ్జెట్టు తక్కువైతే, పీచు పరుపు కూడా ఏమీ తీసిపోదు.

ఫోముకున్న పెద్ద లోపం నిప్పు. అంటుకుంటే నిమిషాల్లో మండుతుంది, దాని పొగలో విషవాయువులుంటాయి. దూది మంట కనబడకుండా లోపల్లోపలే రాజుకుంటుంది. ఏ పరుపైనా సరే, దోమల కాయిల్ మంచం కింద పెట్టే అలవాటు ఉంటే మానేయండి. దోమతెర చాలు.

అపార్టుమెంట్లలో ఇప్పుడు పిల్లల గదికి రెండంతస్తుల మంచాలు చేయిస్తున్నారు. అక్కడ ఎంపిక మందం దగ్గరే తేలిపోతుంది. పరుపు వేశాక దాని పైభాగం నుంచి అడ్డు కమ్మీ అంచు కనీసం 5 అంగుళాల ఎత్తు ఉండాలన్నది అమెరికా నిబంధన, ఆరేళ్ల లోపు వాళ్లను పైన పడుకోబెట్టకూడదన్నది హెచ్చరిక. మన వడ్రంగి పెట్టిన కమ్మీ 9 అంగుళాలే ఉంటే 4 అంగుళాల పరుపుకే ఆ లెక్క సరిపోతుంది. "ఇంకో రెండంగుళాలు మందంగా తీసుకోండి సార్" అంటే ఒప్పుకోకండి.