ఏడు సీజన్లు నాతో కొండలెక్కిన తేలిక రైఫిల్: నా అనుభవం

ఈ రైఫిల్ నా చేతికొచ్చి ఏడు వేట సీజన్లు అయ్యాయి. ఇప్పటికి 1,400 తూటాలకు పైగా పేల్చాను. వాటిలో వేటలో పేల్చినవి ఇరవై కూడా ఉండవు, మిగతావన్నీ సాధనకే పోయాయి. తేలిక రైఫిల్ కొందామనుకునేవాళ్లు ఈ లెక్కను ముందుగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ సాధన పెరగాలి. నా తీర్పు ఇప్పుడే చెప్పేస్తాను. రోడ్డు వదిలి మైళ్లు నడిచి, రాత్రిళ్లు డేరాలో పడుకుని, మూపున సామానంతా వేసుకుని చేసే కొండ వేటకు స్కోప్ (గురి చూసే దుర్బిణి), స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ), బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండు), తూటాలు అన్నీ కలిపి ఎనిమిది పౌండ్ల దగ్గర, అంటే సుమారు మూడున్నర కిలోల దగ్గర ఆగిపోవడం మంచిది. అంతకంటే కిందికి నేను వెళ్లి చూశాను, వెళ్లి వెనక్కి వచ్చాను.

దీనికి ముందు నా దగ్గర ఇంకో రైఫిల్ ఉండేది. ఖాళీగా తూస్తే 4 పౌండ్ల 13 ఔన్సులు (పౌండుకు 16 ఔన్సులు), స్కోప్ గీప్ అన్నీ కలిపినా ఆరుంపావు పౌండ్లే. చేతిలోకి తీసుకుంటే బొమ్మ తుపాకీలా ఉండేది, దాన్ని చూసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. రెండో సీజన్‌లో ఒక రోజు తెల్లవారక ముందే బయల్దేరి, రాళ్లు జారే గండి గుండా పైకెక్కి, శిఖరం అంచు దాటగానే ఎదుటి వాలులో మ్యూల్ డీర్ అనే జింక కనిపించింది. మంచి మగది. రేంజ్‌ఫైండర్ 310 గజాలు చూపించింది. బ్యాగు దించి రాతి మీద పెట్టి, దాని మీద రైఫిల్ ఆనించి పడుకున్నాను. ఎక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. స్కోప్‌లోకి చూస్తే క్రాస్‌హెయిర్ (గురి చూపే అడ్డం, నిలువు గీతలు) నాడి కొట్టుకున్నప్పుడల్లా జింక భుజం మీది నుంచి వీపు దాకా ఎగిరి మళ్లీ దిగుతోంది. ఊపిరి బిగబడితే ఇంకా ఎక్కువైంది. రెండు నిమిషాలు అలాగే చూశాను, ఇంకో రెండు నిమిషాలు చూశాను, ఆ తర్వాత సేఫ్టీ వేసేశాను. జింక మేసుకుంటూ మేసుకుంటూ దేవదారు చెట్ల వెనక్కి పోయింది. దాన్ని వదిలేసినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు, గాయపరిచి పోగొట్టుకుంటే మాత్రం జన్మంతా బాధపడేవాణ్ణి. కానీ అదే దూరంలో, షూటింగ్ రేంజ్‌లో బల్ల మీద ఇసుక సంచి పెట్టుకుని అదే రైఫిల్‌తో టీ గ్లాసు మూతంత చోటులో తూటాలు పెట్టినవాణ్ణి నేను. బల్ల దగ్గర కుదిరింది కొండ మీద ఎందుకు కుదరలేదా అని ఆ చలికాలమంతా ఆలోచించాను.

ఆలోచిస్తే కారణం చాలా మామూలుది. బరువైన వస్తువు కదలడానికి మొరాయిస్తుంది, తేలిక వస్తువు చిన్న తోపుకే కదిలిపోతుంది. మన నాడి, మన ఊపిరి, వేళ్ల వణుకు, పక్కనుంచి కొట్టే గాలి అన్నీ రైఫిల్‌ను తోస్తూనే ఉంటాయి. ట్రిగ్గర్ కూడా అంతే. నాలుగు పౌండ్ల ఒత్తిడితో విడిచే ట్రిగ్గర్‌ను అయిదు పౌండ్ల రైఫిల్ మీద లాగితే, దాదాపు రైఫిల్ బరువంత బలంతో దాన్ని పక్కకి లాగుతున్నట్టే. అందుకే ఇప్పటి రైఫిల్‌లో ట్రిగ్గర్‌ను రెండున్నర పౌండ్లకు పెట్టించుకున్నాను. చలిలో మొద్దుబారిన వేలికి, గ్లౌజు వేసుకున్న వేలికి అంతకంటే తక్కువ సురక్షితం కాదని నా ఉద్దేశం.

ఇప్పుడు లెక్క చెబుతాను. రైఫిల్ ఒక్కటే 5 పౌండ్ల 14 ఔన్సులు. స్కోప్ 19 ఔన్సులు, రింగులు 4, స్లింగ్ 3, మ్యాగజీన్‌లో నాలుగు తూటాలు దాదాపు 3, బైపాడ్ 7. మొత్తం 8 పౌండ్ల 2 ఔన్సులు. అమ్మేవాళ్లు ఎప్పుడూ మొదటి అంకె ఒక్కటే పెద్ద అక్షరాలతో రాస్తారు, మనం మోసేది మాత్రం చివరి అంకె. అయిదు పౌండ్ల రైఫిల్ కొని దాని మీద రెండు పౌండ్ల స్కోప్ బిగించినవాళ్లను నేను చూశాను. బరువంతా పైకి పోయి, భుజాన వేసుకుంటే తిరగబడుతూ ఉంటుంది. ఇంకో మాట, నేను ఆ సీజన్ తర్వాత రైఫిల్‌కు దాదాపు రెండు పౌండ్లు కలిపి, ఆ రెండు పౌండ్లు బ్యాగులోంచి తీసేశాను. స్లీపింగ్ బ్యాగు మార్చాను, అక్కర్లేని బట్టలు మానేశాను. కాళ్లకు తేడా ఏమీ తెలియలేదు, గురికి తెలిసింది.

బరువు ఎక్కడ కోశారన్నది నేను చాలా పట్టించుకుంటాను. గొట్టాన్ని పెన్సిల్‌లా సన్నం చేసి బరువు తగ్గించడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే చవక కూడా. కానీ గొట్టం ముందు భాగం మరీ తేలికైతే నిలబడి గురి పెట్టినప్పుడు మూతి గాలిలో ఈగలా తిరుగుతూ ఉంటుంది. స్టాక్‌లోంచి (భుజానికి ఆనించి పట్టుకునే భాగం), యాక్షన్‌లోంచి (తూటాను గొట్టంలోకి ఎక్కించే యంత్ర భాగం) తగ్గిస్తే అంత నష్టం ఉండదు. టైటానియం ఉక్కు కంటే దాదాపు నలభై శాతం తేలిక, అందుకే ఖరీదైన యాక్షన్లు దాంతో చేస్తున్నారు. నాది ఉక్కు యాక్షనే, కార్బన్ ఫైబర్ స్టాక్, గొట్టం మధ్యరకం లావు, పొడవు 22 అంగుళాలు. కార్బన్ చుట్టిన గొట్టాల గురించి చాలామంది పొరబడుతున్నారు. అవి సన్నటి ఉక్కు గొట్టం కంటే తేలికేం కావు, చాలాసార్లు కాస్త బరువే. లావు గొట్టానికుండే బిగువు తక్కువ బరువులో దొరుకుతుంది, వాటి ఉపయోగం అదీ.

స్టాక్ గురించి ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఈ రైఫిల్ మొదట ప్లాస్టిక్ స్టాక్‌తో వచ్చింది. బల్ల మీద సంచి పెట్టుకుని కాలిస్తే గురి చక్కగా ఉండేది, బైపాడ్ దించుకుని కాలిస్తే తూటాలు రెండంగుళాలు పక్కకి పోయేవి. మూడు వారాలు నన్ను నేను అనుమానించుకున్నాను, స్కోప్‌ను అనుమానించాను, తూటాలు మార్చాను. ఒకరోజు మామూలు కాగితం ముక్క తీసుకుని గొట్టానికి, స్టాక్‌కు మధ్య జరిపి చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు సాఫీగా పోయింది. బైపాడ్ మీద పెట్టి వెనకనుంచి భుజంతో కొద్దిగా తోశానో లేదో, కాగితం మధ్యలో పట్టేసింది. స్టాక్ ముందు భాగం వంగి గొట్టాన్ని తాకుతోంది, అంతే సంగతి. తేలిక రైఫిల్ కొంటే ఈ కాగితం పరీక్ష ఇంటికి తెచ్చిన రోజే చేయండి. చేతిలో ఎలా పట్టుకుంటారో, బ్యాగు మీద ఎలా ఆనిస్తారో, బైపాడ్ ఎలా నొక్కుతారో అన్ని రకాలుగా చేయండి. నేను స్టాక్ మార్చాక ఆ రెండంగుళాల బాధ పోయింది, మళ్లీ రాలేదు.

ఖచ్చితత్వం ఎంత అని అందరూ అడుగుతారు. మూడు తూటాలు పడ్డ చోటు (గ్రూపు) చూపించి అర అంగుళం అనడం నాకు నచ్చదు, మూడు తూటాలు ఎవరికైనా ఏదో ఒకరోజు కలిసొస్తాయి. నేను చేసేది వేరు. ఒకే కాగితం దాచిపెట్టుకుంటాను. రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ గొట్టం చల్లగా ఉన్నప్పుడు మొదటి తూటా ఆ కాగితం మీద, 100 గజాల దూరంలో. పది రోజులు, పది వేర్వేరు పొద్దుల్లో, ఎండలోనూ చలిలోనూ పేల్చిన పది మొదటి తూటాలు నాకు 1.4 అంగుళాల్లో పడ్డాయి. వేటలో మనకు దక్కేది ఆ మొదటి తూటాయే కాబట్టి నేను నమ్మే అంకె అదే. వరసగా కాలిస్తే నాలుగో అయిదో తూటా దగ్గర గొట్టం వేడెక్కి గురి పైకి పాకడం మొదలవుతుంది, సన్న గొట్టాలతో అది మామూలే. వేడి చల్లారడానికి పావుగంట ఆగే ఓపిక లేకపోతే తేలిక రైఫిల్‌తో రేంజ్‌లో చిరాకు తప్పదు.

క్యాలిబర్ (తూటా రకం) విషయానికొస్తే నాది 6.5 క్రీడ్‌మోర్. 2007లో వచ్చింది, అసలు టార్గెట్ పోటీల కోసం తయారైంది. 143 గ్రెయిన్ల (సుమారు తొమ్మిది గ్రాముల) బుల్లెట్‌ను సెకనుకు 2,700 అడుగుల దరిదాపుల్లో పంపుతుంది. ఎల్క్ లాంటి పెద్ద జంతువుకు ఇది చాలదనేవాళ్లున్నారు, వాళ్ల వాదన నేను కొట్టిపారేయను. ఎల్క్ ఒక్కదాని కోసమే వెళ్లేవాళ్లయితే 1962 నుంచీ ఉన్న 7 ఎంఎం రెమింగ్టన్ మ్యాగ్నమ్ లాంటిది తీసుకోవచ్చు, కానీ దాన్ని ఏడు పౌండ్ల రైఫిల్‌లో పెట్టి రోజుకు ఇరవై తూటాలు సాధన చేయగలరా అని నిజాయితీగా ఆలోచించుకోండి. తన్నుడు లెక్క సులువు. అదే తూటాను ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో పేల్చినదానికంటే ఆరుంపావు పౌండ్ల దానిలో పేలిస్తే భుజానికి దాదాపు 30 శాతం ఎక్కువ శక్తితో తగులుతుంది. తన్నుడుకు భయపడ్డ వేలు ట్రిగ్గర్‌ను లాగదు, గుంజుతుంది. ఆ గుంజుడు అలవాటైపోతే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది, నాకు పట్టింది.

తన్నుడు తగ్గుతుందని కొందరు గొట్టం మూతికి మజిల్ బ్రేక్ (వాయువును పక్కలకు వదిలే ముక్క) బిగిస్తారు. తగ్గే మాట నిజమే, కానీ శబ్దాన్ని వెనక్కి, పక్కకి విసురుతుంది. మామూలు రైఫిల్ చప్పుడే 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది, బ్రేక్‌తో ఇంకా పెరుగుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి పేల్చినా శాశ్వతంగా నష్టం జరగవచ్చు, పక్కన పడుకుని బైనాక్యులర్స్‌లో చూస్తున్న మన తోడు మనిషికి మరీను. నేను తీసి పెట్టెలో పెట్టేశాను. సైలెన్సర్‌కు చట్టం అనుమతించే చోట ఉన్నవాళ్లు దాన్ని చూసుకోవడం మేలు, అయితే దాని బరువు, పొడవు లెక్కలో కలుపుకోండి. అప్పుడు గొట్టం 20 అంగుళాలకు తగ్గించుకోవచ్చు. ఒక్కో అంగుళానికి సెకనుకు 20, 25 అడుగుల వేగం పోతుంది, వేట దూరాలకు అదేమంత నష్టం కాదు.

స్కోప్ మీద ఔన్సుల కోసం రాజీ పడొద్దు. నాలుగో సీజన్‌లో తడి రాతి మీద కాలు జారి పక్కకి పడ్డాను, రైఫిల్ రాతికి గట్టిగా తగిలింది. స్కోప్ పైకి ఏమీ కనిపించలేదు. అయినా వెంటనే బండకు ఆనించి మట్టి గట్టు మీద ఒక మచ్చ చూసుకుని పేల్చాను. నాలుగంగుళాలు ఎడమకు పోయింది. ఇంటికొచ్చి విప్పితే బేస్ (స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే పీట) స్క్రూ ఒకటి వదులు. ఆ స్క్రూలు నేనే ఉజ్జాయింపుగా బిగించాను, తప్పు నాదే. అప్పటి నుంచి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపే పానా) లేకుండా స్క్రూ ముట్టుకోను, బిగించాక గోళ్ల రంగుతో సన్న గీత గీస్తాను. గీత జరిగితే స్క్రూ తిరిగినట్టే. ప్రయాణం అయ్యాక, పడ్డాక, కనీసం ఒక్క తూటా అయినా సరిచూసుకోవడానికి ఖర్చు పెట్టండి. పది తూటాలు అదనంగా మోయడమంటే సుమారు ఎనిమిది ఔన్సులే.

అయిదో సీజన్‌లో ఈ రైఫిల్ ఎందుకు ఉంచుకున్నానో నాకు తెలిసింది. ఈసారీ వాలే, ఈసారీ ఆయాసమే. ఏటవాలుగా కిందికి 30 డిగ్రీలు, దూరం 300 గజాలు, అంటే బుల్లెట్ కిందికి జారే లెక్కకు అడ్డంగా ఉండే దూరమే, 260 గజాలే తీసుకోవాలి. బ్యాగు ముందు, మడిచిన కోటు వెనక స్టాక్ కింద. క్రాస్‌హెయిర్ కదులుతోంది, కానీ ఆ కదలిక జింక భుజం వెనక అరచేయంత చోటు దాటడం లేదు. ఊపిరి సగం వదిలి ఆగాను. చప్పుడు తర్వాత స్కోప్‌లో జింక ఇంకా కనిపిస్తోంది, పడిపోవడం కళ్లారా చూశాను. పాత రైఫిల్‌తో అయితే తన్నుడుకు స్కోప్ ఆకాశంలోకి పోయేది. తగిలిందా లేదా, ఎక్కడ తగిలింది, ఎటు పరుగెత్తింది అన్నవి చూడగలగడం వేటగాడికి చాలా పెద్ద విషయం, బరువు గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ దీన్ని చెప్పరు.

దూరం గురించి కూడా ఒక మాట. నా హద్దు 400 గజాలు, గాలి లేకపోతేనే. గంటకు 10 మైళ్ల గాలి పక్కనుంచి వీస్తే ఆ దూరంలో నా బుల్లెట్ తొమ్మిది పది అంగుళాలు పక్కకి పోతుంది. కొండల్లో గాలి నా దగ్గర ఒకలా, లోయ మధ్యలో ఇంకోలా, జంతువు దగ్గర మరోలా ఉంటుంది. దాన్ని సగమే సరిగ్గా అంచనా వేసినా మిగిలిన సగం పొట్టలోకి పోతుంది. ప్రెసిషన్ (కచ్చితమైన గురి) రైఫిల్ అన్న పేరు చూసి దూరం పెంచుకోకండి, దగ్గరికి వెళ్లే ప్రయత్నం చేయండి.

నచ్చనివి కూడా ఉన్నాయి. బోల్ట్‌లో (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీలో) నూనె ఎక్కువైతే గడ్డకట్టే చలికి బద్ధకిస్తుంది, ఒకసారి తూటా పేలనే లేదు. అప్పటి నుంచి సీజన్ ముందు బోల్ట్ పూర్తిగా తుడిచి, పొడి లూబ్రికెంట్ మాత్రమే వేస్తున్నాను. మ్యాగజీన్ విడిగా ఊడొచ్చే రకం, దాని మీట కాస్త పైకి పొడుచుకుని ఉండటంతో రెండుసార్లు పొదల్లో తగిలి ఊడిపోయింది. ఒకసారి దొరికింది, ఒకసారి దొరకలేదు. మళ్లీ కొంటే కింద మూత ఉండే స్థిరమైన మ్యాగజీనే తీసుకుంటాను. కార్బన్ స్టాక్ ఖాళీ డబ్బాలా మోగుతుంది, నిశ్శబ్దమైన ఉదయం కొమ్మ తగిలితే ఆ చప్పుడు లోయంతా వినిపిస్తున్నట్టు టెన్షన్ వస్తుంది. లోపల నురుగు నింపిన స్టాకులు ఉన్నాయి, రెండు మూడు ఔన్సులు ఎక్కువ. ఆ రెండు మూడు ఔన్సులు పెట్టడానికి నేను సిద్ధం. వచ్చే సీజన్‌కు ముందు మార్చబోతున్నది ఆ స్టాకే.

వాహనం దిగి అర మైలు నడిచి మాటు మీద కూర్చునేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు, తొమ్మిది పది పౌండ్ల మామూలు రైఫిల్ ఇంతకంటే మెత్తగా, ఇంతకంటే నిలకడగా కాలుస్తుంది. రోజుకు మూడు వేల అడుగులు ఎక్కి దిగేవాళ్లయితే, కొనేముందు దుకాణంలో ఎత్తి చూసి ఊరుకోకండి. ఎవరిదైనా అడిగి తీసుకుని, మెట్లు పది అంతస్తులు పరుగెత్తి ఎక్కి, వెంటనే నేల మీద పడుకుని, బోల్ట్ తీసేసి, తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, దూరంగా ఖాళీ గోడ మీది మచ్చకు గురిపెట్టి చూడండి. క్రాస్‌హెయిర్ ఎంత తిరుగుతోందో రెండు నిమిషాలు గమనించండి. అదే పని ఒక పౌండు బరువు ఎక్కువున్న ఇంకో రైఫిల్‌తో కూడా చేయండి.