రెండున్నరేళ్ళు వాడాక ఆనియన్ స్కిన్ గురించి నా మాట

స్టాప్ మోషన్ స్టూడియో యాప్‌ని రెండున్నరేళ్ళుగా ఫోన్‌లో వాడుతున్నా. స్టాప్ మోషన్ అంటే బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫోటో (ఫ్రేము) తీసి, వరసగా ఆడించి కదిలినట్టు చూపించడం. సెకనుకి ఎన్ని ఫ్రేములు, గ్రీన్ స్క్రీన్ ఎలా, ఇవన్నీ యూట్యూబ్‌లో బోలెడున్నాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క ఆనియన్ స్కిన్ గురించే, అంటే అంతకుముందు తీసిన ఫ్రేము స్క్రీన్ మీద పలచగా నీడలా కనిపిస్తుంది కదా, అది. అది లేకపోతే నా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ పూర్తయ్యేదే కాదు.

ప్రాజెక్ట్ ఏంటంటే, బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) పెయింటింగ్ చదివే ఒకమ్మాయి, జ్యూరీ రోజు, అంటే సార్లు వచ్చి మన పని చూసి తేల్చే రోజు. చూసేవాళ్ళు మధ్యమధ్యలో నొక్కి ఎంచుకోవాలి: సార్ ముందు స్కెచ్‌బుక్ తెరవాలా దాచాలా, సార్ బాగుందంటే నమ్మాలా లేక ఊరికే అన్నారనుకోవాలా, పక్కమ్మాయి డిస్‌ప్లే చూడాలా వద్దా. ఇంపోస్టర్ సిండ్రోమ్ మీద అన్నమాట, అంటే నాకంత అర్హత లేదు, ఎప్పుడో దొరికిపోతాను అన్న భయం. ఇది నేనెక్కడో చదివి పట్టుకున్న టాపిక్ కాదు. ఇంటర్ ఎంపీసీ చదివి, ఖమ్మం నుంచొచ్చి ఎంట్రన్స్ రాసి హైదరాబాద్‌లో సీటు వచ్చినప్పుడు నాకు ముందు సంతోషం వేయలేదు, ఎవరి నంబరు పక్కనో నా పేరు పడిందేమో అనిపించింది. మూడో ఏడాది కాలేజీ షోలో ప్రైజొచ్చినా అదే భయం, ఈసారి పట్టుకుంటారు అని.

1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీని మీద మొదట రాసిన పేపర్ చదివా (వాళ్ళు సిండ్రోమ్ అనలేదు, ఫినామినన్ అన్నారు). అందులో ఒక విషయం నన్ను పట్టేసింది, ఎన్ని సాధించినా ఆ లోపలి నమ్మకం కదలదట. అందుకే నా బొమ్మ ఏ దారిలో వెళ్ళినా, మెచ్చుకున్నా తిట్టినా, చివరికి అదే పోజ్‌కి రావాలనుకున్నా: స్కెచ్‌బుక్ గుండెకి హత్తుకుని, తల కొంచెం ఎడమకి. కథకీ అదే కావాలి, పనికీ అదే కావాలి, ఎందుకంటే క్లిప్పులన్నీ ట్వైన్‌లో (ఎంచుకుంటూ సాగే కథలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) అతికించేటప్పుడు ఒక బ్రాంచ్ (కథలో ఒక దారి) చివరి ఫ్రేము, తర్వాతి బ్రాంచ్ మొదటి ఫ్రేము కలవకపోతే బొమ్మ గెంతినట్టు కనిపిస్తుంది. మొత్తం 1900 ఫ్రేములు, సెకనుకి 12 చొప్పున. అందులో పదకొండుసార్లు ఆ పోజ్‌కి తిరిగి రావాలి.

ఇక్కడే ఆనియన్ స్కిన్ నా ప్రాణం కాపాడింది. ఆ తిరిగొచ్చే పోజ్ (నేను హోమ్ పోజ్ అంటా) ఫ్రేముని కాపీ చేసి టైమ్‌లైన్ చివర పేస్ట్ చేస్తే, తర్వాత తీయబోయే ఫ్రేముకి అదే నీడగా వస్తుంది, ఇక బొమ్మని మెల్లగా ఆ నీడలోకి జరుపుకుంటూ పోవడమే (పనయ్యాక ఆ పేస్ట్ చేసింది డిలీట్ చేయడం మర్చిపోవద్దు). బొమ్మ భుజం నీడలో సరిగ్గా కూర్చున్న ఆ క్షణం ఉంటుంది చూడండి, రాత్రి రెండింటికి ఒక్కదాన్నే గదిలో గట్టిగా అరిచా.

ఇప్పుడు అసలు సంగతి. ఒక రాత్రి స్కెచ్‌బుక్ దాచే బ్రాంచ్ తీస్తున్నా, ఎనభై ఫ్రేముల దాకా వచ్చేసింది, కరెంటు పోయింది. చీకట్లో టార్చ్ కోసం తడుముతుంటే చెయ్యి తగిలి బొమ్మ బల్ల మీద నుంచి కింద పడింది. మోచేతి దగ్గర బొమ్మ లోపలి అల్యూమినియం తీగ విరిగింది, అది ఎలాగూ పదేపదే వంచితే విరిగేదే. కూర్చుని ఏడ్చా, దాచను. కరెంటొచ్చాక కొత్త తీగ మెలేసి, ఎమ్-సీల్ పెట్టి, ఆరాక బొమ్మని మళ్ళీ నిలబెట్టా. చివరి ఫ్రేము నీడ చూసుకుంటూ పాదం, నడుము, చెయ్యి, తల, ఒక్కొక్కటే. నలభై నిమిషాల్లో నీడకీ బొమ్మకీ వెంట్రుకవాసి తేడా లేదు. మిగతా పదహారు ఫ్రేములు తీసేసి తెల్లారాక పడుకున్నా.

మధ్యాహ్నం లేచి ప్లే చేస్తే ఏదో తేడా. నాకు అర్థం కాలేదు, జూనియర్ ఒకమ్మాయికి చూపిస్తే వెంటనే పట్టేసింది, "అక్కా, ఇక్కడ తను కొంచెం లావయిందేంటి?" అంది. లావవలేదు, కెమెరాకి దగ్గరగా జరిగింది. అర అంగుళం ఉంటుందేమో. ఆనియన్ స్కిన్ పక్కకీ పైకీ జరిగింది చూపిస్తుంది గానీ ముందుకీ వెనక్కీ జరిగింది సరిగా చూపించదు, ఆకారం కొద్దిగా పెరిగితే చిన్న ఫోన్ స్క్రీన్ మీద ఎవరికి తెలుస్తుంది. ఇది యాప్ లోపం అనను, నీడ చూసి కలిపే పద్ధతిలోనే ఆ లోటు ఉంది.

ఆ అమ్మాయి అలాగే ఉంచెయ్యక్కా, తను మనకి దగ్గరవుతున్నట్టుంది అంది. ఒకరోజంతా ఆలోచించా. వేరే బ్రాంచ్ అయితే ఉంచేదాన్నేమో, కానీ ఇది దాచే బ్రాంచ్, దాచుకున్న మనిషి దగ్గరికి రాదు. 96 ఫ్రేములూ మళ్ళీ మొదట్నుంచి తీశా, రెండు రాత్రులు పట్టింది.

అప్పట్నుంచి చీపురు పుల్ల ఒకటి క్లే ముద్దలో గుచ్చి, దాని కొన బొమ్మ ముక్కుకి తగిలీ తగలనట్టు పెడుతున్నా, ఫ్రేము తీసే ముందు పక్కకి తీసేస్తా, మళ్ళీ గుర్తు మీదే పెడతా. పాదాల చుట్టూ పెన్సిల్ గీత కూడా. పెద్ద స్టూడియోల్లో దీనికి సర్ఫేస్ గేజ్ అని పరికరమే ఉంటుంది. నీడ, పుల్ల రెండూ ఉంటేనే నాకిప్పుడు ధైర్యం.

ఇంకోటి, ఇది చెప్పడానికి కొంచెం మనసొప్పట్లేదు. మొదటి ఏడాది తీసినవి ఇప్పుడు చూస్తే కదలిక బిగుసుకుపోయి ఉంది. ప్రతి ఫ్రేముకీ నీడ నుంచి కొలిచినట్టు సమానంగా జరిపా కాబట్టి మొదట్లో నెమ్మది, మధ్యలో వేగం, చివర్లో మళ్ళీ నెమ్మది అన్నది లేదు. ఇప్పుడు బ్రాంచ్ మధ్యలో ఆనియన్ స్కిన్ ఆఫ్ చేసేస్తా, హోమ్ పోజ్‌కి వచ్చే చివరి పది పన్నెండు ఫ్రేములకే ఆన్ చేస్తా, అదీ నీడ ఎంత చిక్కగా ఉండాలో మార్చే స్లయిడర్ సగం దాటనివ్వను, దాటితే మొహం మీద ఎక్స్‌ప్రెషన్ కనబడదు.

ఈ యాప్ తీసుకోవాలా అంటే, నాది అద్దె గది, ఒక బల్ల, ఒక ల్యాంపు, ఒక ఫోను, కథలో పదకొండుసార్లు ఒకే చోటికి రావాల్సిన అవసరం. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని తీసుకోమంటా. ఒకే దారిలో సాగే చిన్న సినిమా తీసేవాళ్ళకి, డీఎస్‌ఎల్‌ఆర్, పెద్ద మానిటర్ ఉన్నవాళ్ళకి ఇదే కావాలని నేననలేను.