తొమ్మిదో అంతస్తు, ఇరవై తెత్రీలు

జార్జియా రాజధాని టిబిలిసిలో అపార్టుమెంటు అద్దెకు తీసుకునేవాళ్లు ఇంటాయనను అడగవలసింది "లిఫ్టు ఉందా?" అని కాదు, "లిఫ్టుకు చిల్లర కావాలా?" అని. మేము మొదటి ప్రశ్నతో ఊరుకున్నాం. ఉందన్నాడు. ఫొటో కూడా పంపాడు.

జార్జియా వెళ్లింది నేనూ, 71 ఏళ్ల మా పెదనాన్నా. అక్కడ వైద్యం చదువుతున్న మా అక్క కూతురు దుబాసీగా కలిసింది. పెదనాన్న బెజవాడ ఆర్టీసీలో యూనియన్ మనిషి. మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు చవగ్గా కొనుక్కుని చదివిన తరం. సోవియట్ యూనియన్ 1991లోనే పోయినా, దాని ముక్కలో అయినా ఒకసారి కాలు పెట్టాలని ఆయన కోరిక. అక్కడి డబ్బు పేరు లారీ అని తెలిసి విమానంలోనే మురిసిపోయారు. "ఒక లారీ ఇస్తే మెట్రో ఎక్కనిస్తారా? మన డిపోలో ఎన్ని ఉండేవో!" అంటూ. మేము వెళ్లినప్పుడు ఒక లారీ దాదాపు 31 రూపాయలు. లారీకి వంద తెత్రీలు.

సబుర్తాలో అనే పేటలో ఆ సోవియట్ కాలపు భవనం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. లిఫ్టులో మీటల పక్కన గుడి హుండీ లాంటి ఇనప పెట్టె, దానికి చీలిక. ఇరవై తెత్రీల బిళ్ల వేస్తేనే లిఫ్టు కదులుతుంది. అంటే ఆరు రూపాయలు. మా దగ్గర ఉన్నవన్నీ విమానాశ్రయంలో మార్చిన యాభై లారీల నోట్లు. ఇంటాయన ఫోను ఎత్తలేదు. రెండు పెట్టెలు, ఒక సంచి, పెదనాన్న మోకాళ్లు, దీపం లేని మెట్లు. అక్కడ కింది అంతస్తునే ఒకటి అంటారు కాబట్టి తొమ్మిదోది మన లెక్కలో ఎనిమిదే. ఆ రాత్రి మాకు దక్కిన రాయితీ అదొక్కటే.

ఐదో అంతస్తులో పెదనాన్న పెట్టె మీద కూలబడ్డారు. మా చప్పుడుకు ఒక తలుపు తెరుచుకుంది. రాత్రి గౌనులో ఒక పెద్దావిడ. మమ్మల్ని ఎగాదిగా చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, జాడీ మూతలో చిల్లర పోసుకుని వచ్చారు. లిఫ్టును పిలిచి, తన చేత్తోనే బిళ్ల వేశారు. మా అక్క కూతురు నోటు ఇవ్వబోతే, ఆ చేతిని పక్కకు తోసేశారు.

మర్నాడు ఉదయం ఇంటాయన వచ్చి, ఆలస్యంగా దిగినందుకు మరో 40 లారీలు అడిగాడు. రోజుకు 130 లారీల అద్దె ముందే కట్టాం. చిల్లర సంగతి ఎందుకు చెప్పలేదని నేను గొంతు పెంచితే, అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇల్లు నాది. లిఫ్టు నాది కాదు కదా!" 40 లారీలు మాత్రం వదల్లేదు.

ఆ మాటకు అర్థం ఐదో అంతస్తు పెద్దావిడ ఇంట్లో కాఫీ తాగేటప్పుడు తెలిసింది. మెట్ల మీద గోడలు పెచ్చులూడి ఉంటే, ఆవిడ ముందుగది అద్దంలా ఉంది. పియానో, అద్దాల బీరువాలో చెక్కుడు గాజు గ్లాసులు. బాల్కనీని ఇనప దూలాల మీద బయటికి పొడిగించి గది చేసుకున్నారు. అందులో నిలబడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఒకప్పుడు లిఫ్టు ఉచితమట, బాగోగులు ప్రభుత్వమే చూసేదట. తొంభైలలో కరెంటూ గ్యాసూ పోయాయి. లిఫ్టు ఏడో అంతస్తులో ఆగి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. కిరోసిన్ పొయ్యి, బకెట్లతో నీళ్లు. ఆ రోజుల్లోనే ఎవరి ఫ్లాటు వాళ్ల పేరన రాసిచ్చేశారు. "ఇల్లు మాదని కాగితం ఇచ్చారు. మెట్లు ఎవరివో అందులో రాయలేదు" అన్నారావిడ.

తర్వాత ఫ్లాట్లవాళ్లు సంఘం కట్టి, లిఫ్టు బాగుచేయించి, ఆ పెట్టె బిగించారు. ఆ సంఘాన్ని జార్జియన్‌లో అమ్ఖనగోబ అంటారు. అమ్ఖనగి అంటే కామ్రేడ్! మా అక్క కూతురు ఈ ముక్క చెప్పగానే పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వారు. "అయితే లిఫ్టుకు హుండీ పెట్టింది కామ్రేడ్లేనా?" ఆయన అంత నవ్వడం ఆ ప్రయాణంలో అదే చివరిసారి.

పాత ఊరు, కోట, గంధకపు స్నానాలు బాగున్నాయి. మేము వెళ్లినప్పుడు మెట్రో ఒక లారీ, ఎస్కలేటర్ వేగానికి పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. డ్రై బ్రిడ్జ్ సంతకు మాత్రం తీరిగ్గా వెళ్లాలి. దేశం కూలినప్పుడు జనం ఇంట్లో వస్తువులు తెచ్చి అమ్ముకున్న చోటు అది. ఇప్పుడు ఎక్కువగా వ్యాపారులే. పెదనాన్న ఒక ఎర్రనక్షత్రం పతకాన్ని బేరం చేస్తూ వెనక్కి తిప్పారు. దాని మీద వరుస నంబరు చెక్కి ఉంది. ఇంకెవరి రొమ్ము మీదిదో అని గుడ్డ మీద పెట్టేసి, మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

గోరీ అనే ఊళ్లో స్టాలిన్ మ్యూజియం 1957లో తెరిచింది. ఆయన పుట్టిన చిన్న ఇల్లు, ఆకుపచ్చ రైలు పెట్టె, మరణానంతరం తీసిన ముఖపు అచ్చు ఉన్నాయి. ఆయన చంపించిన జనం ఊసును ఒక చిన్న గదితో సరిపెట్టారు. ఊరి నడిబొడ్డున ఉన్న విగ్రహాన్ని 2010లో రాత్రికి రాత్రి తీసేశారు కానీ, ఆయన బొమ్మ వేసిన సారా సీసాలు మాత్రం అమ్ముతున్నారు. పెదనాన్నకు దేని మీద కోపం వచ్చిందో అడగడానికి మా ఇద్దరికీ ధైర్యం లేకపోయింది.

త్స్కల్‌తుబో ఉన్నది కుతయిసి నగరం దగ్గర. సోవియట్ రోజుల్లో కార్మికులు సెలవులకు వచ్చిన నీటి వైద్యశాలల ఊరు. స్టాలిన్ కోసం ప్రత్యేక గది ఉన్న స్నానశాల కూడా ఇక్కడిదే. 1992-93 యుద్ధంలో, జార్జియా నుంచి విడిపోవాలని పోరాడిన అబ్ఖాజియా ప్రాంతం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఈ భవనాల్లో ఉంచారు. తాత్కాలికమే అన్నది చాలా కుటుంబాలకు పాతికేళ్లు దాటింది. ఈ మధ్య ఎక్కువమందిని కొత్త ఇళ్లకు మార్చారు. రాజమహల్ లాంటి స్తంభాల మధ్య ఇంకా బట్టల తీగలు, కిటికీ అద్దం తీసి బయటికి పెట్టిన పొయ్యి గొట్టం. ఒక పాడుబడ్డ భవనం దగ్గర కాపలాదారు తలకు ఐదు లారీలు అడిగాడు, రసీదు లేదు. "మన పుస్తకాల్లో ఇలాంటి చోటి ఫొటోలుండేవి, తెల్ల టోపీలతో కార్మికులు" అన్నారు పెదనాన్న, మెట్ల మీద పడి ఉన్న గచ్చు ముక్కను కాలితో జరుపుతూ.

శాకాహారులకు దిగులు లేదు. మట్టికుండలో రాజ్మా లాంటి లోబియో 9 లారీలు, మొక్కజొన్న రొట్టె 2 లారీలు. అల్బుకరా లాంటి పండ్ల పులుపుతో, వెల్లుల్లి దట్టించి చేసే త్కెమలి పచ్చడి దొరికితే వదలకండి. పెదనాన్న దాన్ని గోంగూర పక్కన కూర్చోబెట్టారు. ఆయన నోట అంతకు మించిన మెప్పు రాదు.

బయలుదేరేటప్పుడు మిగిలిన చిల్లరంతా తీసుకెళ్లి పెద్దావిడకు ఇవ్వబోయారాయన. ఆవిడ పుచ్చుకోకపోగా, ఇంట్లో చేసిన త్కెమలి సీసా ఒకటి చేతిలో పెట్టారు. ఆయన దాన్ని చేతిసంచిలో భద్రంగా పెట్టుకున్నారు. విమానాశ్రయం తనిఖీలో తీసేసుకున్నారు. పచ్చళ్లేవైనా పెద్ద పెట్టెలోనే సర్దండి.