శాన్ వాన్ నదిలో మూడు రోజులు: రాఫ్టులూ కనూలూ కలిపి వెళ్లే బృందాలకు

అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్నేయ మూలన బ్లఫ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడికి 3 మైళ్లలో శాండ్ ఐలాండ్ రేవు. ఈ రేవు నుంచి మెక్సికన్ హ్యాట్ అనే ఊరి దాకా శాన్ వాన్ నది మీద 27 మైళ్లు. చాలామంది దీన్ని ఒక రాత్రితో సరిపెడతారు, నీళ్లు బాగా ఉన్నప్పుడు ఒక్క పగట్లో దిగిపోయేవాళ్లూ ఉన్నారు. కానీ పిల్లలు, నదికి కొత్తవాళ్లు ఉన్న బృందం రాఫ్టులూ (గాలి నింపిన రబ్బరు పడవలు) కనూలూ (తెడ్లతో నడిపే సన్నటి పడవలు) కలిపి వెళ్తుంటే రెండు రాత్రులు, మూడు పగళ్లు పెట్టుకోవాలి. మైలుకు 7, 8 అడుగులు దిగే నది ఇది. తెడ్డు వేయకపోయినా ముందుకు తోసుకుపోతుంది, కాబట్టి సమయం ప్రయాణానికి కాదు, ఆగడానికి కావాలి. ఆగి చూడాల్సినవన్నీ మొదటి 9 మైళ్లలోనే ఉన్నాయి. పడవల పని తెలిసి ఉండాల్సిన చోట్లేమో చివరి 15 మైళ్లలో వస్తాయి.

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం వరకు మంచి కాలం. ఎగువన న్యూ మెక్సికోలో 1962లో పూర్తయిన నవాహో డ్యామ్ ఈ నదిని చాలావరకు అదుపులో పెడుతుంది. అయితే డ్యామ్‌కు దిగువన, ఫార్మింగ్టన్ దగ్గర, ఆనకట్టలు లేని యానిమస్ నది వచ్చి కలుస్తుంది. కొలరాడో కొండల మంచు కరిగితే ఆ నీళ్లు నేరుగా ఇక్కడికే చేరతాయి, అందుకే మే చివర, జూన్ మొదట్లో నది నిండుగా ఉంటుంది. బయల్దేరే ముందు వారం రోజులూ యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) ప్రవాహం కొలిచే గేజీ చూస్తూ ఉండాలి. 600 క్యూసెక్కుల కంటే తగ్గితే బరువెక్కిన రాఫ్టు గులకరాళ్ల మేటల మీద కూర్చుంటుంది, దిగి తోయక తప్పదు. మిశ్రమ బృందానికి 1,000 నుంచి 2,500 వరకు హాయిగా ఉంటుంది. 4,000 దాటితే కొత్తవాళ్లను కనూ ఎక్కించకపోవడమే మంచిది. అలలు పెద్దవని కాదు, పడ్డవాళ్లను, పడవను పట్టుకునేలోపే మైలు దూరం కొట్టుకుపోతారని. నీరు మంచు కరిగి వచ్చినదే కనుక చలికి చేతులు పనిచేయకుండా పోతాయి కూడా.

ఈ నదిలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ విషయం ఇసుక అలలు. నీటిలో ఒండ్రు ఎక్కువై, వడి పెరిగినప్పుడు అడుగున ఇసుక దిబ్బలు కట్టి ఎగువకు కదులుతాయి. వాటి మీద నీరు ఉన్నట్టుండి వరసగా లేచి, కాసేపు ఎగిరి, మళ్లీ అద్దంలా చదునైపోతుంది. అక్కడ రాయి ఉండదు, భయపడక్కర్లేదు. కనూ అడ్డం తిరగకుండా ముక్కు నేరుగా పెట్టి తెడ్డు వేస్తూనే ఉంటే చాలు.

అనుమతి లేకుండా ఏ నెలలోనూ నదిలోకి దిగనివ్వరు. ఇచ్చేది బీఎల్‌ఎమ్ (ప్రభుత్వ భూములు చూసుకునే కేంద్ర సంస్థ), దరఖాస్తు రిక్రియేషన్ డాట్ గవ్‌ వెబ్‌సైటులో. వసంతకాలపు రద్దీ తేదీలకు లాటరీ ఉంటుంది, దరఖాస్తులు చలికాలంలోనే, డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టాలి. రానివాళ్లు వదులుకోనక్కర్లేదు. ఎవరో రద్దు చేసుకున్న తేదీలు మళ్లీ అదే సైటులో కనిపిస్తుంటాయి, వారం మధ్య రోజులైతే దొరికే అవకాశం ఎక్కువ. బృందం నాయకుడి పేరు మీదే అనుమతి వస్తుంది, రేవులో ఆ మనిషే ఉండాలి. నదికి కుడి ఒడ్డు బీఎల్‌ఎమ్‌ది, ఎడమ ఒడ్డు నవాహో ఆదివాసుల స్వపరిపాలన ప్రాంతమైన నవాహో నేషన్‌ది. ఎడమవైపు దిగి నడవాలన్నా, గుడారం వేయాలన్నా వాళ్ల దగ్గర వేరే అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే కుడి ఒడ్డునే ఉండండి.

బస సంగతికి వస్తే, ముందు రోజు రాత్రి బ్లఫ్‌లో దిగడమే మేలు. డెజర్ట్ రోజ్ ఇన్ సౌకర్యంగా ఉంటుంది, ఖర్చూ అలాగే ఉంటుంది. రీకాప్చర్ లాడ్జి పాతది, సాదాసీదాది, నదీ యాత్రికులకు అలవాటైన చోటు. పెద్ద బృందమైతే శాండ్ ఐలాండ్ క్యాంపుగ్రౌండ్‌లోనే పడుకుంటే తెల్లారి పడవలు సిద్ధం చేసుకోవడానికి గంటా గంటన్నర కలిసొస్తుంది. ఆ పక్కనే రాతి గోడ మీద పొడవాటి పురాతన చిత్రాల వరస ఉంది, సాయంత్రం చూసేయొచ్చు. ట్విన్ రాక్స్ కెఫేలో నవాహో ఫ్రై బ్రెడ్ తిని చూడండి. మన మైదా పూరీకి అన్నలాంటిది, కాకపోతే మందం. ఊళ్లో సరుకులు అంతంతమాత్రం కాబట్టి కూరగాయలు, పెరుగు, ఐసు దారిలో కోర్టెజ్‌లోనో, మోయాబ్‌లోనో కొనుక్కోవాలి. మోయాబ్ ఉత్తరాన 100 మైళ్లు. రాఫ్టులు అద్దెకు తీసుకోవడానికి కూడా అక్కడే ఎక్కువ దుకాణాలున్నాయి.

షటిల్ గురించి, అంటే కారును దిగువ రేవుకు చేర్చుకోవడం గురించి, ఒక మాట. బ్లఫ్ నుంచి మెక్సికన్ హ్యాట్‌కు రోడ్డు మీద అరగంటే. అందుకని కొందరు తామే రెండు కార్లు అటూ ఇటూ తిప్పుకుంటారు, దాంతో బయల్దేరే రోజు పొద్దున్న రెండు గంటలు పోతాయి. డబ్బిస్తే మీ కారును మీ తాళంతోనే దిగువ రేవుకు చేర్చే మనుషులు ఆ ఊళ్లలో ఉన్నారు. ఆ డబ్బు దండగ కాదు. ఎలక్ట్రిక్ కారైతే ముందే చెప్పండి, చార్జింగ్ ఎంతుందో కూడా చూసుకోండి.

పన్నెండు మందికి 14 అడుగుల రాఫ్టులు రెండు, 16 అడుగుల కనూలు రెండు సరిపోతాయి. రాఫ్టుకు నలుగురు, కనూకు ఇద్దరు. సామానంతా రాఫ్టుల్లోకే పోవాలి, కనూలు ఖాళీగా నడవాలి. తాగునీరు మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకుంటే మూడు రోజులకు 144 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది. నది నీరు చిక్కటి ఒండ్రు నీరు, ఫిల్టరు నిమిషాల్లో మూసుకుపోతుంది. గిన్నెలకూ చేతులకూ కావాలంటే బకెట్లో పట్టి, చిటికెడు పటిక కలిపి వదిలేస్తే తేటపడుతుంది. అది తాగడానికి మాత్రం కాదు.

రాఫ్టులో బరువు పైన బిగించే లోహపు ఫ్రేముకు వేలాడాలి, అడుగు మీద కూర్చోకూడదు. అడుగు కుంగితే తక్కువ నీళ్లలో మొదట రాళ్లకు తగిలేది అదే. గాలి విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒడ్డున ఎండలో గట్టిగా నింపిన ట్యూబు చల్లటి నీళ్లలోకి దిగిన పావుగంటకు మెత్తబడుతుంది, కాబట్టి నీళ్లలో పెట్టాకే మళ్లీ పంపు కొట్టాలి. మధ్యాహ్నం మకాంలో అదే రాఫ్టును ఇసుక మీదకు లాగితే వ్యవహారం తిరగబడుతుంది. గాలి వేడెక్కి ఉబ్బుతుంది, లోపల అరలను విడదీసే గోడ చిరగొచ్చు. లాగిన వెంటనే ప్రతి వాల్వు దగ్గరా కొంచెం గాలి వదలాలి.

నదిలో వరస ఇలా ఉండాలి: ముందు నది తెలిసినవాళ్ల రాఫ్టు, మధ్యలో కనూలు, చివర రెండో రాఫ్టు. మందుల పెట్టె, పంపు, అతుకుల సరంజామా చివరి రాఫ్టులోనే పెట్టాలి. ముందున్న పడవ ఎగువకు రాలేదు కానీ, వెనకున్నది ఎవరి దగ్గరికైనా దిగి చేరగలదు. ప్రతి రాఫ్టుకూ అదనపు ఓరు (రాఫ్టును నడిపే పొడవాటి తెడ్డు) ఒకటి, ప్రతి కనూకూ అదనపు తెడ్డు ఒకటి, విసిరే తాడు సంచి, బృందానికి ఒక అదనపు లైఫ్ జాకెట్ ఉండాలి.

మొదటి రోజు 4వ మైలు దగ్గర బట్లర్ వాష్. కుడి ఒడ్డున దిగి నాలుగడుగులు వేస్తే గోడ నిండా మనిషంత ఎత్తు బొమ్మలు, వెడల్పాటి భుజాలు, తలల మీద అలంకారాలు. సుమారు 6వ మైలు దగ్గర రివర్ హౌస్, కొండ చరియ కింద ప్యూబ్లో ఆదివాసుల పూర్వీకులు కట్టుకున్న ఇళ్లు. దానికి దిగువన శాన్ వాన్ హిల్, 1880లో మోర్మన్ మతశాఖకు చెందిన వలసదారులు బండ్లను ఎక్కించిన దారి. ఈ మూడింటికీ కలిపి నాలుగు గంటలు ఇవ్వండి. చిత్రాలను తాకకూడదు, చేతి జిడ్డు రాయిని పాడుచేస్తుంది. గోడల మీద ఆనుకోకూడదు. ఈ కుడి ఒడ్డు 2016లో ప్రకటించిన బేర్స్ ఇయర్స్ జాతీయ స్మారకంలో భాగం. మొదటి రాత్రి మకాం ఇక్కడికి దగ్గరలోనే పెట్టుకోవాలి. ముందొచ్చినవాళ్లదే చోటు కనుక రేవులోనే మిగతా బృందాలను అడిగి, ఎవరెక్కడ ఆగుతున్నారో తెలుసుకుంటే సాయంత్రం గొడవ ఉండదు.

ఈ భాగంలో ర్యాపిడ్ల (రాళ్ల మధ్య నీరు వడిగా దూకే చోట్ల) కంటే చెట్లే ప్రమాదం. ఒడ్డులను తమరిస్క్, రష్యన్ ఆలివ్ పొదలు కమ్మేశాయి. మలుపు బయటివైపు వడి ఎక్కువ, కనూను అటే లాగి కొమ్మల్లోకి తోస్తుంది. కొమ్మ తగిలిందని వెనక్కి వాలితే ఎగువ అంచు మునిగి బోల్తా కొడుతుంది. మలుపు రాకముందే లోపలివైపుకు జరగాలి, అదొక్కటే మందు.

రెండో రోజు చిన్లీ క్రీక్ దాటాక కోంబ్ రిడ్జ్‌ను చీల్చుకుని నది లోయలోకి దిగుతుంది. ఇక అక్కణ్ణుంచి రెండు వైపులా గోడలే, దారి మధ్యలో బయటపడే రోడ్డు లేదు. 12వ మైలు ప్రాంతంలో ఫోర్ ఫుట్ ర్యాపిడ్ వస్తుంది, కనూలకు మంచి కసరత్తు. రెండో మకాం ఎయిట్ ఫుట్ ర్యాపిడ్‌కు ఎగువనే ఉండాలి, ఎందుకంటే దాన్ని పొద్దున్నే, గాలి లేనప్పుడు, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు దాటాలి.

17వ మైలు దగ్గరి ఎయిట్ ఫుట్ ఈ ప్రయాణంలో అసలు పరీక్ష. పక్క లోయ నుంచి దొర్లిన బండలు నదిని ఇరుకు చేసి రాళ్ల తోటలా మార్చాయి. ముందు రాఫ్టు కుడి ఒడ్డున ఆగి అందరినీ దింపాలి, అందరూ నడిచి చూడాలి. నీళ్లు తక్కువగా ఉంటే దారి సన్నగా మెలికలు తిరుగుతుంది, ఎక్కువగా ఉంటే దారి వెడల్పవుతుంది కానీ అలలు కనూలోకి దూకుతాయి. మొదట ఒక రాఫ్టు దిగి, కింద నిలకడ నీటిలో తాడు సంచితో కాచుకోవాలి. తర్వాత ఒక్కో కనూ, మొదటిది ఒడ్డు చేరాకే రెండోది. పడవ అడ్డం తిరిగి రాయికి ఆనుకుంటే అందరి శరీరమూ ఎగువకు వాలాలని చూస్తుంది, అది తప్పు. రాయి వైపుకే వాలాలి, రాఫ్టులోనైతే అందరూ రాయి వైపు ట్యూబు మీదకు దూకాలి. బోల్తా పడితే పడవకు ఎగువ వైపునే ఉండి, కాళ్లు ముందుకు చాచి తేలాలి. నీళ్లు నిండిన కనూ అర టన్ను పైమాటే, దానికీ బండకూ మధ్య చిక్కిన మనిషిని ఎవరూ లాగలేరు. నమ్మకం లేనివాళ్లు కనూను ఒడ్డు వెంట రెండు తాళ్లతో దింపుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. తర్వాత 19వ మైలు దగ్గర లెడ్జ్ ర్యాపిడ్ ఉంది, ఎయిట్ ఫుట్ దాటినవాళ్లకు అదొక లెక్క కాదు.

మధ్యాహ్నం పన్నెండు దాటితే వసంతంలో ఎదురుగాలి లేస్తుంది. కనూ ముక్కులో బరువు లేకపోతే గాలి దాన్ని గిరగిరా తిప్పుతుంది, అందుకని ఆ పూట ముందువైపు ఒక నీళ్ల క్యాను పెట్టాలి. ఎనిమిదింటికల్లా నదిలో ఉండే బృందాలు రెండింటికి మెక్సికన్ హ్యాట్ చేరతాయి. పది దాటాక కదిలేవాళ్లు ఓర్లు లాగి లాగి అయిదింటికి చేరతారు.

వంటకు రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్, గాలి తెర, ప్రెషర్ కుక్కర్ చాలు. బ్లఫ్ 4,300 అడుగుల ఎత్తులో ఉంది, నీరు 95, 96 డిగ్రీలకే మరుగుతుంది, మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడకడానికి సిలిండరు ఖాళీ అవుతుంది. ఇంట్లోనే వేయించిన రవ్వ, పులిహోర గుజ్జు, కందిపొడి, పచ్చళ్లు ఉంటే మూడు రోజులు గడిచిపోతాయి. పెరుగు పెట్టె వేరు, కూల్‌డ్రింకుల పెట్టె వేరు ఉంచండి. రెండోది రోజుకు ముప్ఫైసార్లు తెరుస్తారు, దాని ఐసు నిలవదు. చిన్న ముక్కల కంటే దిమ్మ ఐసు ఎక్కువ రోజులు ఉంటుంది. గిన్నెలు కడిగిన నీటిని జల్లెడ పట్టి, కరివేపాకు, ఆవాలు, మెతుకులు అన్నీ చెత్త సంచిలో వేసి, ఆ నీటిని మాత్రమే నది వడిలో పోయాలి. మంట కావాలంటే ఇనప పళ్లెంలోనే, బూడిద కూడా వెనక్కి తేవాలి.

మరుగుదొడ్డి విషయంలో మొహమాటం పనికిరాదు. మూత బిగుతుగా పడే డబ్బాలో సేకరించి వెనక్కి మోసుకురావడం నిబంధన. మామూలు ఇనప పెట్టె ఒకటి సుమారు 50 వాడకాలకు వస్తుంది, అదీ మూత్రం అందులో పడకపోతేనే. మూత్రం నేరుగా నదిలోకే, తడి ఇసుక దగ్గరే. మన అలవాటు చెంబు నీళ్లతో అయితే పెట్టె రెండో రోజుకే నిండుతుంది. నొక్కే సీసాలో వంద మిల్లీలీటర్లు చాలు, ఈ మాట బయల్దేరకముందే అందరికీ చెప్పేయాలి.

మెక్సికన్ హ్యాట్ దిగువన మరో 57 మైళ్లు క్లే హిల్స్ దాకా ఉంది. గూస్‌నెక్స్ మెలికలు, హోనకర్ కాలిబాట, గవర్నమెంట్ ర్యాపిడ్, స్లిక్‌హార్న్, గ్రాండ్ గల్చ్ అన్నీ అందులోనే. అందం పై భాగానికి తీసిపోదు, కానీ కొత్తవాళ్ల కనూలకు తగదు. గ్రాండ్ గల్చ్ దాటాక దిగువనున్న లేక్ పావెల్ జలాశయం వదిలిపోయిన ఒండ్రు మేటలు, వడి ఉండదు, ఎదురుగాలిలో గంటకు మైలు లాగడమే కష్టం. స్లిక్‌హార్న్ నుంచి కిందకు మకాంలు పేరు పెట్టి కేటాయిస్తారు. క్లే హిల్స్ రేవును వదిలేసి కిందకు పోకూడదు, దిగువన జలపాతం ఉంది. ఆ రేవుకు వెళ్లే మట్టి దారి వాన పడితే జారుడు బంకమన్ను, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా కదలదు. వాతావరణం చూసుకుని కారును ఒక పూట ముందే చేర్చమని షటిల్ మనిషికి చెప్పి ఉంచండి.